పాత బుల్లెట్ 350కి బ్యాఫిల్ ఎంపిక: ఒక కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు సైలెన్సర్ పని మీద వచ్చేవారిలో ఎక్కువమంది శబ్దం పెంచమనే అడుగుతారు. ఈ కేసులో మాత్రం యజమాని శబ్దం తగ్గించమని వచ్చాడు. బండి 1996లో తయారైన పోత ఇనుప ఇంజను బుల్లెట్ 350. తండ్రి నడిపిన బండిని కొడుకు ఇంజను విప్పించి బాగుచేయించుకుని, రెండేళ్ల క్రితం వేరే చోట అసలు పొడవు సైలెన్సర్ తీయించి పొట్టి బాటిల్ సైలెన్సర్ వేయించుకున్నాడు. అందులో వచ్చిన బ్యాఫిల్‌ను, అంటే శబ్దం తగ్గించడానికి సైలెన్సర్ లోపల బిగించే గొట్టాన్ని, కూడా అప్పుడే తీసేశారు. రహదారి తనిఖీలో ఒకసారి చలానా పడింది. అయితే అతన్ని మా దగ్గరికి తెచ్చింది చలానా కాదు. "అన్నా, రాత్రి నేను సందు మలుపు తిరిగేసరికే మా పాప ఉలిక్కిపడి లేచి ఏడుస్తోంది. శబ్దం తగ్గాలి, కానీ నాన్న బండి బీట్ పోకూడదు" అన్నాడు.

ఈ రెండు కోరికలూ ఒకదానికొకటి అడ్డమని చాలామంది మెకానిక్‌లు అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. బ్యాఫిల్ వేస్తే బీట్ పోతుంది, బీట్ కావాలంటే బ్యాఫిల్ తీయాలి అన్నది మా వృత్తిలో పాతుకుపోయిన మాట. ఈ బండి మీద చేసిన కొలతలు ఆ మాట ఎంతవరకు నిజమో స్పష్టంగా చూపించాయి కనుక, చేసిన పనిని, అందులో జరిగిన పొరపాటుతో సహా, ఇక్కడ నమోదు చేస్తున్నాను.

బీట్ అంటే ఏమిటి

ఫోర్ స్ట్రోక్ ఇంజనులో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుడు జరుగుతుంది. ఒకే సిలిండరున్న బుల్లెట్ 1000 ఆర్‌పీఎం (నిమిషానికి క్రాంకు చుట్లు) దగ్గర నిలకడగా ఆడుతున్నప్పుడు సెకనుకు సుమారు 8 పేలుళ్లు వస్తాయి. చెవి వాటిని విడివిడిగా, దెబ్బల్లాగా వింటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర అవి సెకనుకు 25 అవుతాయి. అంటే మూల పౌనఃపున్యం 25 హెర్ట్జ్, దాని గుణిజాలు 50, 75, 100 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటాయి. గుండెకు తగిలే ఆ బరువైన దరువు ఈ కింది భాగం నుంచే వస్తుంది. ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకున్న క్షణంలో ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై పుట్టే పదునైన చిటపట, బుస, రేకు మోత మాత్రం కొన్ని వందల హెర్ట్జ్‌ల నుంచి కొన్ని వేల హెర్ట్జ్‌ల దాకా పరుచుకుని ఉంటాయి. చెవిని పొడిచేదీ, నిద్రలో ఉన్న పసిపాపను ఎక్కువగా ఉలిక్కిపడేలా చేసేదీ ఈ పై భాగమే అన్నది నా అభిప్రాయం.

డెసిబెల్ మీటరు కూడా మనిషి చెవిని అనుసరించే ఎ-వెయిటింగ్‌తో కొలుస్తుంది. ఆ లెక్కలో 1000 హెర్ట్జ్ దగ్గర ఏమీ తగ్గించరు, 100 హెర్ట్జ్ దగ్గర సుమారు 19 డెసిబెల్స్, 50 హెర్ట్జ్ దగ్గర సుమారు 30 డెసిబెల్స్ తగ్గిస్తారు. కాబట్టి మీటరులో పెద్ద అంకె చూపించేది బీట్ కాదు, దాని చుట్టూ ఉన్న చిటపట. పై భాగాన్ని తీసేసి కింది భాగాన్ని ఉంచే బ్యాఫిల్ దొరికితే యజమాని అడిగిన రెండూ ఒకేసారి నెరవేరతాయి. ఈ కేసులో నా వెతుకులాటంతా అలాంటి బ్యాఫిల్ కోసమే.

బ్యాఫిల్ కంటే ముందు చూడవలసినవి

బండి వచ్చిన రోజునే బ్యాఫిల్ జోలికి వెళ్లలేదు. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా సైలెన్సర్‌లో టపాకాయలు పేలినట్టు మోత వస్తోంది. అది సాధారణంగా బ్యాఫిల్ లేకపోవడం వల్ల పుట్టే మోత కాదు. బండి నెమ్మదించేటప్పుడు ఎగ్జాస్ట్ జాయింటు గుండా బయటి గాలి లోపలికి పీల్చుకుపోయి, కాలకుండా వచ్చిన పెట్రోలు-గాలి మిశ్రమంతో కలిసి పైపులోనే అంటుకోవడం వల్ల అది పుడుతుంది. ఇంజను నెమ్మదిగా ఆడుతుండగా తడిగుడ్డతో సైలెన్సర్ చివర ఒక్క క్షణం మూసి చూస్తే హెడ్ పోర్టు (ఇంజను నుంచి పొగ బయటికి వచ్చే రంధ్రం) దగ్గర బుస వినిపించింది. ఇంజను నుంచి సైలెన్సర్‌కు వెళ్లే బెండ్ పైపు అక్కడ కూర్చునే చోట మసి చారలు కూడా ఉన్నాయి. పోర్టు లోపలి మసిని గీకి శుభ్రం చేసి, వేడికి తట్టుకునే సీలింగ్ పేస్టు పెట్టి, సైలెన్సర్ వైపు సాగిపోయిన క్లాంపును మార్చాము. టపాకాయల మోత చాలావరకు పోయింది. లీకు ఉన్న బండికి ఎంత మంచి బ్యాఫిల్ వేసినా ఆ డబ్బు వృథా అని నా నమ్మకం, ఎందుకంటే శబ్దం బ్యాఫిల్‌ను చేరకముందే పక్కదారి పడుతుంది.

తరువాత కార్బురేటరు విప్పితే, ఖాళీ సైలెన్సర్‌కు తగినట్టుగా మెయిన్ జెట్‌ను (పెట్రోలు ఎంత పోవాలో నిర్ణయించే రంధ్రపు ముక్కను) అసలు సైజు కంటే రెండు మెట్లు పెద్దది వేసి ఉంది. ఆ పని చేసినవారిది తప్పు కాదు. ఎగ్జాస్ట్ ధారాళంగా పోయినప్పుడు మిశ్రమం పల్చబడుతుంది కనుక జెట్ పెంచడం సరైన పద్ధతే. కానీ బ్యాఫిల్ తిరిగి వేస్తే ఆ జెట్ ఇక పెద్దదైపోతుంది. ఈ సంగతి ఒక కాగితం మీద రాసి ట్యాంకుకు అంటించాను, లేకపోతే పని హడావిడిలో మరిచిపోతాము.

కొలత పద్ధతి

నిలిపి ఉంచిన బండి శబ్దాన్ని కొలవడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10399 ఉంది. నేను దాని పద్ధతినే అనుసరించాను. సైలెన్సర్ నోటికి 0.5 మీటర్ల దూరంలో, పొగ వచ్చే దిశకు 45 డిగ్రీల కోణంలో, నోటి ఎత్తులోనే మైక్రోఫోను ఉంచాలి. గరిష్ఠ శక్తినిచ్చే వేగం 5000 ఆర్‌పీఎం దాటిన మోటార్ సైకిళ్లకు అందులో సగం వేగం దగ్గర ఇంజనును నిలకడగా ఉంచి, ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేసేటప్పుడు వచ్చే గరిష్ఠ అంకెను తీసుకోవాలి. ఈ ఇంజను 18 బీహెచ్‌పీ శక్తిని 5625 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, అందువల్ల కొలత వేగం 2800 చుట్టూ ఉంటుంది. పాత బుల్లెట్‌కు ఆర్‌పీఎం మీటరు ఉండదు కనుక ప్లగ్ వైరుకు తగిలించే క్లిప్ మీటరు వాడాను. ఆటోనగర్‌లో పని రోజున సుత్తి మోతల మధ్య ఇలాంటి కొలత అర్థం లేనిది. పరిసరాల శబ్దం బండి శబ్దం కంటే కనీసం 10 డెసిబెల్స్ తక్కువ ఉండాలి కాబట్టి ఆదివారం తెల్లవారగానే, గోడలకు దూరంగా ఖాళీ స్థలంలో, ప్రతి అమరికకూ 2 డెసిబెల్స్ తేడా లోపల మూడు అంకెలు వచ్చేదాకా కొలిచాను.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. 175 సీసీ పైబడిన ద్విచక్ర వాహనాలకు 2005 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న 80 డెసిబెల్స్ పరిమితి, తయారీ దశలో 7.5 మీటర్ల దూరం నుంచి నడుస్తున్న బండిని కొలిచే పరీక్షకు సంబంధించినది. సైలెన్సర్ నోటి దగ్గర అర మీటరులో మీటరు పెట్టి, 80 దాటిందని బెంబేలెత్తడం సరికాదు. ఖాళీ స్థలంలో ఒకే బిందువు నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. 0.5 నుంచి 7.5 మీటర్లకు వెళ్తే ఆ తగ్గుదల సుమారు 23.5 అవుతుంది. రెండు పరీక్షల్లో ఇంజను నడిచే తీరు వేరు గనుక ఈ తీసివేత నేరుగా పనికిరాదు, కానీ అంకెల మధ్య దూరం ఎంతో తెలుస్తుంది.

లీకు మూసిన తరువాత ఖాళీ పొట్టి సైలెన్సర్ 103 చూపించింది. యజమాని అటక మీద దాచిన అసలు పొడవు సైలెన్సర్ తెప్పించి బిగిస్తే 90 వచ్చింది. అంటే నాకు దొరికిన మైదానం ఆ 13 డెసిబెల్స్ మధ్య ఉంది.

మొదటి రెండు ప్రయత్నాలు

దుకాణాల్లో విడిగా దొరికే జాలీ గొట్టంతో మొదలుపెట్టాను. దాని లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, పొడవు 20 సెంటీమీటర్లు, చుట్టూ రంధ్రాలు, రెండు వైపులా తెరిచి ఉంటుంది, ఉన్ని చుట్టి ఉండదు. అంకె 98కి దిగింది. అయితే శబ్దం సన్నబడి, ఈల కలిసినట్టు వినిపించింది, బీట్ కూడా పీలగా మారింది. మంగళగిరి వైపు రోడ్డు మీద నడిపితే 70 దాటాక బండి ఊపిరాడనట్టు బిగుసుకుంది.

కారణం లెక్కలో ఉంది. ఈ బండి బెండ్ పైపు లోపలి వ్యాసం కాలిపర్‌తో కొలిస్తే 35 మిల్లీమీటర్లు, వైశాల్యం 962 చదరపు మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల గొట్టం వైశాల్యం 491, అంటే సగమే. అంత పొగ సగం దారిలో పోవాలంటే రెట్టింపు వేగంతో పోవాలి, ఒత్తిడి నష్టం వేగం వర్గంతో పెరుగుతుంది గనుక అక్కడ బ్యాక్ ప్రెషర్ (పొగకు ఎదురయ్యే ఒత్తిడి) నాలుగింతలవుతుంది. అదే గొట్టం 28 మిల్లీమీటర్లదైతే వైశాల్యం 616 అవుతుంది. చూపుకు తేడా 3 మిల్లీమీటర్లే, కానీ 28తో పోలిస్తే 25 గొట్టంలో నష్టం ఒకటిన్నర రెట్లకు పైగా ఉంటుంది. బ్యాఫిల్ కొనేటప్పుడు బయటి వ్యాసం చూసి సైలెన్సర్‌లో పడుతుందా లేదా అని మాత్రమే చూసుకునేవారికి నేను మొదట చెప్పేది ఇదే: లోపలి వ్యాసం కొలవండి.

రెండోది కొన మూసిన గొట్టం. పొగ లోపలికి వచ్చి, ఎదురుగా దారి లేక పక్క రంధ్రాల గుండా బయటపడాలి. 4 మిల్లీమీటర్ల రంధ్రాలు 60 ఉన్నాయి, వాటి మొత్తం వైశాల్యం 754. మొదటి గొట్టం 491 కంటే ఇది చాలా ఎక్కువ కదా అని నేను ధైర్యంగా బిగించాను. నా పొరపాటు అక్కడే జరిగింది. పదునైన అంచున్న రంధ్రం గుండా పోయే వాయువు కుంచించుకుని పోతుంది. రంధ్రం వైశాల్యంలో సుమారు 60 నుంచి 65 శాతం మాత్రమే నిజంగా పనికి వస్తుంది. 754లో 65 శాతం 490. అంటే కాగితం మీద విశాలంగా కనిపించిన ఈ బ్యాఫిల్, పొగకు దాదాపు మళ్లీ ఆ 25 మిల్లీమీటర్ల గొట్టమే, పైగా మలుపు కూడా తిరగాలి. మీటరు 92 చూపించింది, పొడవు సైలెన్సర్‌కు దగ్గరగా వచ్చేశామని సంతోషించాము. కానీ వెనుక మనిషిని కూర్చోబెట్టుకుని కనకదుర్గ వారధి దాటి వచ్చేసరికి ఇంజను మామూలు కంటే ఎక్కువ వేడెక్కింది, స్పార్క్ ప్లగ్ పొడి మసితో నల్లబడింది. ట్యాంకు మీద అంటించిన కాగితాన్ని నేనే చదవలేదు. పెద్ద మెయిన్ జెట్ అలాగే ఉంది. జెట్‌ను అసలు సైజుకు తగ్గించాక ప్లగ్ రంగు మెరుగైంది గానీ బండి లాగుడు తిరిగి రాలేదు. బీట్ సంగతి చెప్పనక్కరలేదు, నోటి మీద దుప్పటి కప్పి దరువు వేసినట్టు ఉంది. అంకె బాగుందని ఆ బ్యాఫిల్‌ను యజమానికి అంటగట్టడం నాకు ఇష్టం లేకపోయింది.

మూడోది, లేత్ మీద చేయించినది

దుకాణం సరుకుతో పని కాదని తేలాక, ఏ పౌనఃపున్యాన్ని ఎక్కడ పట్టుకోవాలో చూసుకుని బ్యాఫిల్ గీయించాను. శబ్దాన్ని తగ్గించే దారులు రెండు. ఒకటి పీల్చడం: రంధ్రాల గొట్టం చుట్టూ ఉన్ని ఉంటే శబ్దం ఉన్నిలోకి చొరబడి వేడిగా మారిపోతుంది. పల్చటి ఉన్ని పొర కొన్ని వందల హెర్ట్జ్‌ల పైన బాగా పనిచేస్తుంది, బీట్ ఉండే 25 నుంచి 100 హెర్ట్జ్‌లను దాదాపు తాకదు. రెండోది తిప్పికొట్టడం: ఇరుకు గొట్టం నుంచి ఒక్కసారిగా విశాలమైన గదిలోకి వచ్చిన శబ్ద తరంగంలో కొంత భాగం వెనక్కి మళ్లుతుంది. గది పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉన్న చోట ఈ తగ్గుదల అత్యధికం. సుమారు 350 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న పొగలో శబ్దం సెకనుకు దాదాపు 500 మీటర్లు ప్రయాణిస్తుంది. 15 సెంటీమీటర్ల గది అయితే ఆ నాలుగో వంతు లెక్క 830 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది సరిగ్గా చిటపట ఉన్న చోటు.

కనుక సైలెన్సర్ ముందు భాగంలో 15 సెంటీమీటర్లు ఖాళీగా వదిలి, అక్కడ ఒక ఉంగరపు బిళ్ల అడ్డం పెట్టి, దాని మధ్య నుంచి 28 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో 30 సెంటీమీటర్ల స్టెయిన్‌లెస్ గొట్టాన్ని వెనుక నోటి దాకా నడిపించాము. గొట్టం నిండా 3 మిల్లీమీటర్ల రంధ్రాలు, చుట్టూ మొదట స్టెయిన్‌లెస్ స్టీలు ఉన్ని, దాని మీద గ్లాస్ వుల్. స్టీలు పొర లేకపోతే ప్రతి పేలుడుకూ గాజు పోగులు కొద్దికొద్దిగా ఊడి రంధ్రాల గుండా బయటికి పోతాయి. గ్లాస్ వుల్ చుట్టేటప్పుడు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. మా కుర్రాళ్లు ఈ విషయంలో ఎంత చెప్పినా అశ్రద్ధ చేస్తుంటారు, నేను దగ్గరుండి వేయించాను. జింకు పూత ఉన్న గొట్టాన్ని ఇలాంటి పనికి వెల్డింగ్ చేయకూడదు, ఆ పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

మీటరు 95 చూపించింది. కొన మూసిన గొట్టం కంటే 3 ఎక్కువే, కానీ విన్న తేడా ఆ అంకె చెప్పేదానికంటే చాలా పెద్దది. చిటపట, బుస దాదాపు పోయి, కింది దరువు ఒంటరిగా, గుండ్రంగా మిగిలింది. అసలు సైజు కంటే ఒక మెట్టు పెద్ద మెయిన్ జెట్‌తో, పైలట్ గాలి స్క్రూను (ఇంజను నెమ్మదిగా ఆడేటప్పుడు గాలి పాలును సరిచేసేదాన్ని) నెమ్మదిగా సరిచేసి నడిపిన తరువాత ప్లగ్ లేత ఇటుక రంగుకు వచ్చింది. వెనుక మనిషితో అదే వారధి మీద బండి 75 దగ్గర కూడా తేలికగానే లాగింది.

రెండు స్ట్రోకుల బండ్లకు, ముఖ్యంగా మన దగ్గర ఇంకా ప్రేమగా నడుపుకునే ఆర్‌ఎక్స్ 100 వంటి వాటికి, ఈ అనుభవాన్ని యథాతథంగా వర్తింపజేయకూడదు. ఆ సైలెన్సర్ లోపలి ఆకారం తిరిగి వచ్చే పీడన తరంగంతో ఇంజను శక్తినే నడిపిస్తుంది, నూనె కలిసిన పొగ ఉన్నిని త్వరగా నానబెడుతుంది. అక్కడ బ్యాఫిల్ వ్యాసం మారిస్తే మిశ్రమమూ పిస్టన్ వేడీ కూడా మారతాయి. అది వేరే కేసు.

బిగింపు గురించి కూడా ఒక మాట. బ్యాఫిల్‌ను పట్టి ఉంచేది కింది నుంచి వేసే ఒక్క 6 మిల్లీమీటర్ల బోల్టే. నైలాన్ రింగు ఉన్న లాక్ నట్టు ఈ వేడికి కరిగి పట్టు వదిలేస్తుంది కాబట్టి పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్టు, స్ప్రింగ్ వాషర్ వేసి, మరలకు రాగి పొడి గ్రీజు రాశాము. నడిరోడ్డు మీద బ్యాఫిల్ ఊడి వెనుక వచ్చేవారి చక్రం కింద పడితే జరిగే ప్రమాదం ముందు శబ్దం చిన్న సమస్య.

యజమానికి చెప్పినది

పని బాగా కుదిరిందన్న సంతోషంలో చట్టం సంగతి దాచలేదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 120వ నియమం ప్రతి వాహనానికీ శబ్దాన్ని వీలైనంత తగ్గించే సైలెన్సర్ ఉండాలంటుంది. 2019 సవరణ తరువాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద శబ్ద, కాలుష్య ప్రమాణాలను ఉల్లంఘిస్తే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ, దానితో పాటు మూడు నెలలు లైసెన్సు అనర్హత ఉంటాయి. మార్చిన సైలెన్సర్‌లో ఎంత మంచి బ్యాఫిల్ ఉన్నా అది తయారీదారు ఆమోదం పొందిన సైలెన్సర్ కాదు. తనిఖీలో మా కొలతల కాగితం రక్షణ ఇవ్వదు. అందుకే బిల్లు మీద ఆ మాట రాసి, పొడవు సైలెన్సర్‌ను లోపలి మసి కాల్చి శుభ్రం చేసి, కొత్త క్లాంపుతో సహా అతనికే ఇచ్చాను. నగరంలో రోజూ నడపడానికి అదే వేసుకోమని నా సలహా. అతను కొన్నాళ్లు ఆలోచించి, పొడవు సైలెన్సర్‌నే బండికి ఉంచుకున్నాడు. బ్యాఫిల్ వేసిన పొట్టి సైలెన్సర్‌ను పొలం వైపు మట్టి దారిలో, తన సొంత స్థలంలో నడిపేటప్పుడు మాత్రం మార్చుకుంటున్నాడు.

ఆరు నెలల తరువాత పొట్టి సైలెన్సర్‌ను తెచ్చి విప్పించాడు. లాక్ నట్టు కదలలేదు. స్టీలు ఉన్ని ముందు భాగంలో రంగు మారింది గానీ చెదరలేదు. గ్లాస్ వుల్ మాత్రం గది వైపు కొనలో నూనె తడితో నల్లబడి ముద్దకట్టింది, మీటరు 97 చూపించింది. ఆ నూనె ఎగ్జాస్ట్ వాల్వు గైడు (వాల్వు కాడ కదిలే గొట్టం) అరుగుదల వల్ల వస్తోందని తేలింది. గైడు మార్చి, ఉన్ని కొత్తది చుట్టాక అంకె మళ్లీ 95కి వచ్చింది. తరువాతి తనిఖీ 3,000 కిలోమీటర్ల దగ్గర చేయాలని సైలెన్సర్ బ్రాకెట్ లోపలి వైపు పెయింటుతో రాసి ఇచ్చాను.